పథ్యంలో పేరు లేని ఆకు

కర్నూలు, ఆసుపత్రి వరండా
ఆదివారం

మద్దిలేటి అన్నకు,

చెల్లెలు ఉలిగెమ్మ నమస్కారం పెట్టి రాస్తున్నది. నువ్వూ వదినా పాపా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. పెద్దమ్మకు మోకాలు నొప్పి తగ్గిందా, పొద్దున లేచి నాలుగు అడుగులు వేస్తోందా? శనగ నూర్పిడి అయిపోయిందనీ, గింజ గట్టిగా వచ్చిందనీ గిడ్డయ్య మామ చెప్పాడు. ఆ ఒక్క మాట వినడానికి చల్లగా ఉంది. ఇక్కడ మేము కూడా క్షేమం అని రాయడం మర్యాద. పెళ్ళి కాకముందు ఊళ్ళో సగం మంది ఉత్తరాలు నేనే రాసేదాన్ని కదా, ఆ ముక్క ఎన్నిసార్లు రాసి ఉంటానో. రాయించేవాళ్ళ ఇంట్లో పొయ్యి వెలగకపోయినా క్షేమం అనే రాసేదాన్ని. ఈరోజు నా సొంత ఉత్తరంలో రాయబోతే చెయ్యి ఆడలేదు.

గిడ్డయ్య మామ కన్ను చూపించుకోవడానికి కర్నూలు వచ్చి, మీ బావను కూడా చూసి పోదామని ఇక్కడికి వచ్చాడు. సాయంత్రం కోడుమూరు బస్సుకు తిరిగి వస్తాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. నువ్వు ఒక్కడివే ఉన్నప్పుడు ఇమ్మని చెప్పాను. ఏడో తరగతి చదివినవాడివి, నీకు నువ్వే చదువుకో. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నీ ఫోన్ మోగితే వదిన స్పీకర్ పెడుతుంది, వాకిట్లో ఉన్నవాళ్ళంతా వింటారు. ఇక్కడ నేను మాట్లాడితే పక్క మంచాల వాళ్ళు వింటారు. ఫోన్ చేయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది చివర్లో చెబుతాను.

ముందు అసలు సంగతి రాసేస్తాను, తరవాత ధైర్యం ఉంటుందో లేదో. మీ బావ ఒక్క మాత్ర కూడా మానలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా. ఆయనను మంచాన పడేసింది నా చేతి వంట. నువ్వు ఆయన మీద కోపం పెట్టుకుని రానన్నావు కాబట్టి ఈ మాట నీకు తెలియాలి. తెలిశాక నువ్వు ఒక పది రోజులు ఇక్కడికి రావాలి. ఎందుకో, ఎట్లా జరిగిందో మొదటి నుంచి రాస్తాను, విసుక్కోకుండా చదువు.

మేము ఊరు విడిచిన రోజు నువ్వు బస్సు దాకా రాలేదు. అరుగు మీద కూర్చునే, "సొంత చేను బీడు పెట్టి ఇంగొకరి గడ్డికి కావలి పోతాండారా?" అన్నావు. నిజానికి మేము పోయింది గడ్డి కోసం కాదని నీకూ తెలుసు. మూడేళ్ళ కిందట గుండెలో వాల్వు మార్చినప్పటి నుంచి ఆయన బరువు ఎత్తకూడదు, గుంటక తోలకూడదు. రక్తం పలచగా ఉంచే మాత్ర రోజూ వేసుకోవాలి, నెలనెలా రక్తపరీక్షకు రావాలి. ఒక్క పరీక్షకు ఊరి నుంచి వచ్చి పోయేసరికి పొద్దు గూకేది, మరుసటి రోజంతా ఆయన పడుకునేవాడు. కల్లూరు అవతల శెట్టి గారి తోటలో మొగుడూ పెళ్ళాం కావాలి, పని తేలిక, ఉండడానికి గది కూడా ఇస్తారు అని తెలిసినప్పుడు రొట్టె విరిగి నేతిలో పడింది అనుకున్నాను. షేర్ ఆటో ఎక్కితే ఆసుపత్రి. పిల్లాజెల్లా లేని వాళ్ళం, నాకు ఆయన, ఆయనకు నేను. ఎక్కడుంటే ఏమి అనుకున్నాను.

ఆ తోటలో పండేది రొమైన్ ఆకు. లెట్యూస్ అని చాలా రకాలున్నాయట, వాటిలో ఇది నిలువుగా, పొడుగ్గా, నడుమ తెల్లటి ఈనెతో లేస్తుంది. మొదటిసారి చూసి, "దీనికి పప్పులో దిగే యోగం ఉండాదా?" అని మీ బావ నన్నే అడిగాడు. శెట్టి గారి కోడలు, మేమంతా మేడం అంటాము, ఆమెదే ఈ సాగంతా. హైదరాబాదు హోటళ్ళకు పోతుంది. అక్కడ వండరట, పచ్చిగానే తింటారట. ఆకుపచ్చ వల కప్పిన పందిరి కింద మడులు, మడుల్లో డ్రిప్పు పైపులు. విత్తనం చూస్తే నవ్వొస్తుంది, జీలకర్రకన్నా సన్నం. ట్రేలలో కొబ్బరి పొట్టు పోసి విత్తాలి, పైన మట్టి కప్పకూడదు, వెలుతురు తగలాలి. కానీ వేడి తగలకూడదు. వేడెక్కితే మొలక రాదు. తడి గోనెసంచి గోడకు వేలాడదీసి, ఆ చల్లదనంలో ట్రేలు పెట్టేదాన్ని. మన నల్లరేగడిలో శనగ చల్లి, మంచు పడితే చాలు దేవుడా అని ఇంటికి వచ్చేసే వాళ్ళం. ఇక్కడ మొలకకు జ్వరం వచ్చిన బిడ్డకు చేసినట్టు చేయాలి. నేను మొదట్లో గొణిగేదాన్ని. మీ బావ మాత్రం మడుల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో మొక్కను పలకరించేవాడు. చాన్నాళ్ళ తరవాత ఆయన చేతికి ఆయన చేయగలిగిన సేద్యం దొరికింది.

ఒంటరితనం గురించి అడగవు కానీ రాస్తాను. చుట్టూ కొత్త ఇళ్ళు లేస్తున్నాయి, అన్నిటికీ గేట్లు. ఎదురుపడితే ఎవరమ్మా మీరు, ఏ ఊరు అని అడిగే మనిషి లేడు. ఊళ్ళో ఉన్నప్పుడు అందరూ నా కూరలోకి తొంగి చూస్తారని తిట్టుకునేదాన్ని. ఇక్కడ ఒక్కరూ తొంగి చూడలేదు. ఒక్కరు చూసి ఉన్నా, ఇదేమి ఆకమ్మా, మీ ఆయనకు పెట్టొచ్చా అని అడిగి ఉండేవాళ్ళేమో. ఇప్పుడు అదే అనిపిస్తోంది.

ఇక పథ్యం సంగతి. వాల్వు మార్చి పంపేటప్పుడు నర్సమ్మ చెప్పింది: ఆకుకూరలు ఉన్నట్టుండి పెంచొద్దు, ఏది తిన్నా రోజూ ఒకే కొలతలో తినండి అని. మనం ఏమి చేశాము? ఇంటికి వచ్చిన సాయంత్రం అరుగు మీద పెద్దమ్మను కూర్చోబెట్టి, బాలింతకు చెప్పినట్టు పథ్యం చెప్పించుకున్నాము. నేను ఒక్కో పేరు చెప్పడం, ఆమె వేలు మడవడం. గోంగూర కూడదు, తోటకూర కూడదు, చుక్కకూర, పాలకూర, మెంతికూర, మునగాకు, చెంచలాకు, శనగాకు ఏవీ కూడవు. "పేరు పెట్టి వద్దన్నేది వద్దు. పేరు చెప్పనిది కూడుతాది," అని తేల్చింది. నువ్వు కూడా అక్కడే ఉన్నావు. నర్సమ్మ చెప్పిన కొలత అక్కడే పోయింది, పేర్ల పట్టీ మిగిలింది. ఆ పట్టీని నేను మూడేళ్ళు ఒక్క అక్షరం జారకుండా పాటించాను. శనగాకు పప్పంటే ప్రాణం పెట్టే మనిషి, చేను గట్టున మీరంతా తలలు తుంచుతుంటే పక్కకు తిరిగి కూర్చునేవాడు. పెద్దమ్మ తప్పు పట్టడానికి రాయడం లేదు. ఆమెకు ఈ ఉత్తరం సంగతే చెప్పవద్దు.

రొమైన్ కోసినప్పుడు పైన ఉండే నాలుగైదు ముదురాకులు తీసేస్తారు. హోటలుకు నడుమ ఉండే లేత గుండె భాగమే పోతుంది. తీసిన ఆకు గంపల గంపలు. ఒకరోజు మేడం నన్ను చూసి, "పారేస్తాండావెందుకమ్మా, ఇంటికి తీస్కపో. శానా మంచిది. కంటికి మంచిది, ఎముకకు మంచిది, నీళ్ళ శాతం ఎక్కువ, ఒంటికి చలవ. రక్తానికి కూడా బలం," అంది. ఆమెకు మీ బావ మాత్రల సంగతి తెలియదు. నేను చెప్పలేదు, జబ్బు మనిషని తెలిస్తే పని ఇవ్వరేమోనని. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. రక్తానికి బలం అన్న మాట నా చెవిలో పడింది, అక్కడే ఆగింది.

ఇంటికి తెచ్చి గంప ముందు పెట్టుకుని ఆలోచించాను అన్నా. ఆలోచించలేదు అనుకోవద్దు. పెద్దమ్మ వేళ్ళ మీద దీని పేరు ఉందా అని ఒక్కో వేలూ తలుచుకున్నాను. లేదు. పైగా దోసకాయలా పచ్చిగా కొరుక్కు తినేది ఆకుకూర ఎట్లా అవుతుంది అనుకున్నాను. ఆ సాయంత్రమే పప్పు పెట్టాను. ఈ ఆకును గోంగూర మాదిరి ముందే వేస్తే జావ అయిపోతుంది. గంపెడు వేస్తే గుప్పెడు అవుతుంది. కందిపప్పు ఉడికి, చింతపండు పులుసు పోసి, దించే ముందు ఆకు తుంచి వేసి మూత పెడితే చాలు. ఈనె కరకర అంటుంది, ఆకు మెత్తబడుతుంది. చివర్లో కొంచెం చేదు తగులుతుంది, దానికి వెల్లుల్లి తాలింపు సరిపోతుంది. మీ బావ సంగటిలో గుంట చేసి పప్పు పోసుకుని మొదటి ముద్ద తిని కళ్ళు మూసుకున్నాడు. తరవాత అన్నాడు, "ఉలిగీ, మూడేండ్లయిందే ఆకు మొగం చూసి."

ఆ మాటకు నాకు పట్టరాని సంతోషమైంది. ఆ రోజు నుంచి రోజూ రెండు పూటలా ఆకే. ఒకరోజు ఎండుమిర్చి, వేరుశనగపొడి వేసి వేపుడు. ఒకరోజు జొన్నరొట్టెలో ఊరిబిండి పచ్చడి పూసి, పచ్చి ఆకు మడిచి పెట్టి చుట్ట. లేత ఆకు అయితే ఉల్లిగడ్డ, నిమ్మరసం, వేయించిన వేరుశనగలు కలిపి గిన్నెడు పెట్టేదాన్ని, గిన్నె నాకి ఇచ్చేవాడు. బొరుగుల ఉగ్గానిలో కూడా వేశాను. తోటలో పారేసే ఆకుతో మొగుడికి బలం పెడుతున్నాననుకుని నాలో నేనే మురిసిపోయాను. ఆయన ముఖం కూడా తేటపడినట్టు కనిపించింది. అట్లా నెలకు దగ్గరగా గడిచింది. రక్తపరీక్షకు పోవాల్సిన రోజే హైదరాబాదు లోడు పడింది. "మనిషి బాగనే ఉండాడు కదా, వచ్చే వారం పోదాం," అన్నది నేనే. ఆయన పోదామనే అన్నాడు.

పోయిన సోమవారం సాయంత్రం, వల మీద ఇంకా ఎండ ఉంది. ఉగ్గానిలో ఆకు సన్నగా తరిగి కలిపి పెట్టాను. తినగానే ఆరు గంటలకు మాత్ర వేసుకోవడం ఆయన అలవాటు, పక్కనే చెంబులో నీళ్ళు పెట్టుకున్నాడు. రెండు పిడికిళ్ళు తిన్నాడు. మూడోది నోటి దాకా పోయి ఒళ్ళో పడింది. "ఏమి, బలం ఎక్కువైందా?" అని నవ్వాను అన్నా. నేను నవ్వాను. ఆయన తలెత్తి ఏదో అన్నాడు, మాటలన్నీ ముద్దగా వచ్చాయి. నోరు ఒక పక్కకు పోయింది. కుడి చెయ్యి చచ్చుబడి పళ్ళెంలో పడింది. రోడ్డు మీదకు ఉరికి షేర్ ఆటో ఆపితే, లోపల కూర్చున్న నలుగురూ దిగి మాకు చోటిచ్చారు. వాళ్ళెవరో నాకు తెలియదు, వాళ్ళ బిడ్డలు చల్లగా ఉండాలి.

వాల్వు మీద రక్తం గడ్డకట్టి, అందులో ముక్క తలకు పోయిందని చెప్పారు. ప్రాణానికి ఇప్పటికి గండం తప్పింది. మాట లేదు, కుడి పక్క కదలదు. చెవులు బాగా వినిపిస్తాయి, అందరినీ గుర్తు పడతాడు. రక్తం ఇంత చిక్కగా ఉంది, మాత్రలు వేసుకుంటున్నాడా అని వచ్చిన ప్రతి డాక్టరూ అడిగారు. వేసుకుంటాడయ్యా అని ప్రతిసారీ చెప్పాను. నమ్మినట్టు ఎవరూ కనిపించలేదు. మంగళవారం నీ ఫోన్ వచ్చింది. నాకు అప్పటికి ఏమీ తెలియదు, రక్తం చిక్కబడిందట, మాత్రలు మాత్రం వేసుకుంటూనే ఉన్నాడని ఏడుస్తూ చెప్పాను. నువ్వు కూడా, "మాత్ర మింగితే రక్తం చిక్కబడదంటారు కదమ్మా. మింగుంటే ఇట్లెందుకైతాది?" అన్నావు.

గురువారం ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. కడప పక్క అమ్మాయి, మాట చూస్తే మన మాటే. మిగిలినవాళ్ళు మాత్రల గురించి అడిగితే ఈమె మంచం మీద కూర్చుని కూడు గురించి అడిగింది. "ఈ నడుమ ఏమన్నా కొత్తగా తింటాండాడామ్మా?" అంది. నేను ఉత్సాహంగా చెప్పాను, మంచి పోషణలో లోపం చేయలేదని చూపించుకోవాలి కదా. రొమైన్ ఆకు, పప్పులో, రొట్టెలో, పచ్చిది, రోజూ రెండు పూటలా, గంపెడు. చెప్తూ చెప్తూ ఆమె ముఖం చూశాను. నాకు అప్పుడే అర్థమైంది, ఇంకా ఆమె నోరు తెరవకముందే.

"ఆకు మంచిదేనమ్మా. దాంట్లో రక్తం గడ్డకట్టించే సత్తువ నిండుగా ఉంటాది. ఈయన మింగే మాత్ర పని ఆ గడ్డ కట్టనీకుండా ఆపేది. ఉన్నపళంగా ఇంత ఆకు పెడితే మాత్ర ఓడిపోతాది," అంది. ఇంత అని కొలత పెట్టుకుని రోజూ ఒకే మాదిరి తింటూ, పరీక్షలు చేయించుకుంటూ ఉంటే ఏ ఆకూ శత్రువు కాదట. నర్సమ్మ మూడేళ్ళ కిందట చెప్పింది ఇదే. "ముందు ఎవురూ చెప్పలేదా?" అని అడిగితే, "చెప్పినారమ్మా," అన్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి పోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు కదా. నేను ఆకులు పట్టుకునే చేతులు కాల్చుకున్నాను.

ఇంతవరకూ చేసింది తెలియక చేశాను. నిన్న శనివారం చేసింది తెలిసి చేశాను, అందుకే ఈ ఉత్తరం. నువ్వు మళ్ళీ ఫోన్ చేశావు. పది రోజులు వచ్చి తోట చూడు అన్నా అని అడిగాను. నువ్వు ఏమన్నావో నీకు గుర్తుందా? "పెండ్లాన్ని దిక్కులేని దాన్ని చేస్తానని తెలిసీ మాత్ర మానుకున్నోనికి నేనొచ్చి చాకిరీ చేయల్లా? నేను రాను. ఆయప్ప చేసుకున్నేది ఆయప్పే పడనీ." ఫోన్ నా చెవి దగ్గరే ఉంది కానీ నీ గొంతు పెద్దది. ఆయన పక్కనే పడుకుని అంతా విన్నాడు. కాదు అన్నా, తప్పు నాది అని ఆ క్షణంలో ఒక్క మాట అనలేకపోయాను. పెళ్ళాం చేతి కూడు తిని మొగుడు పడిపోయాడని ఊరంతా అంటారని భయపడ్డాను. మాట రాని మనిషి మీద నిందను అట్లాగే ఉండనిచ్చి ఫోన్ పెట్టేశాను. తిరిగి చూస్తే ఆయన ఎడమ కంటి నుంచి నీళ్ళు చెవి మీదుగా దిండులోకి పోతున్నాయి. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇందులో ఎవరికీ పంచడానికి పిడికెడు కూడా లేదు, మొత్తం నాదే.

రాత్రంతా నిద్ర లేదు. ఈరోజు పొద్దున ఆయన ముఖం తుడుస్తూ చెవి దగ్గర వంగి చెప్పాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. నీ మాత్ర తప్పు కాదు, నా ఆకు తప్పు, ఇప్పుడే అన్నకు ఫోన్ చేసి చెప్తాను అన్నాను. ఆయన ఎడమ చెయ్యి లేచింది. పడిపోయాక ఆ చెయ్యి అంత పైకి లేవడం అదే మొదటిసారి. కొడతాడేమో, కొట్టనీ అని కళ్ళు మూసుకున్నాను. ఆ చెయ్యి వచ్చి నా నోటి మీద పడింది. గట్టిగా అదిమిపెట్టాడు. నేను తల ఊపేదాకా తియ్యలేదు.

చెప్పొద్దు అని. నింద తన మీదే ఉండనీ అని. నా నోటికి ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు అన్నా, నేను ఫోన్ చేయకపోవడానికి ఆ ఇంకో కారణం ఇదే. నోటితో చెప్పనని తల ఊపాను, చెప్పలేదు. రాయనని మాత్రం ఒప్పుకోలేదు.

ఇప్పుడు నువ్వు ఎందుకు రావాలో విను. చెయ్యి, మాట తిరిగి రావాలంటే ఈ మొదటి నెలలే ముఖ్యమట. రోజూ ఆసుపత్రికి తెచ్చి కసరత్తు చేయించాలి, వారం వారం రక్తం చూడాలి. గది ఇక్కడ ఉంటేనే అది జరుగుతుంది, ఊరి నుంచి జరగదు. పని ఉంటేనే గది ఉంటుంది. మేడం చెడ్డ మనిషి కాదు, ఆసుపత్రికి వచ్చి చూసి పోయింది. "పది దినాలు ఎవురినన్నా పెట్టుకోమ్మా. ఎండ ముదిరితే పంటంతా చేదైపోతాది, నేనూ ఏం చేసేకి లేదు," అంది. శివరాత్రి పోయింది, ఎండ నీకు తెలియనిది కాదు. తలుచుకుంటేనే భయంగా ఉంది. పొద్దున ఇక్కడ పక్క మంచం వాళ్ళ మనిషిని ఒకరిని బతిమాలి ఆయన పక్కన కూర్చోబెట్టి, తోటకు పోయి నీళ్ళు వదిలి వచ్చాను. అట్లా రోజూ కుదరదు.

పని నీకు కష్టం కాదు, కొత్త. పొద్దు పొడవకముందు ఒకసారి డ్రిప్పు వదలాలి, మధ్యాహ్నం కాసేపు, అంతే. ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ అయితే ఆకు అంచు మాడినట్టు నల్లబడుతుంది. సాయంత్రం మొక్క నడుమ గుండెలో నీళ్ళు నిలవనియ్యవద్దు, కుళ్ళుతుంది. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు పైన తుంపర పైపు తిప్పితే మడి చల్లబడుతుంది. ఆకుల నడుమ నుంచి కాడ సాగి పైకి లేస్తే పువ్వుకు పోతోందని లెక్క, ఇక అది చేదే, అది కనపడిన మొక్కను ముందు కోసేయి. కోత పొద్దున చల్లగా ఉండగానే, నేలకు ఆనించి కత్తితో ఒక్క కోత. తెల్లటి పాలు కారతాయి, చన్నీళ్ళలో ముంచి తియ్యి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, శనగకు చేసినట్టు పిలకలు వస్తాయని తలలు తుంచేవు. నేను మొదటి వారంలో ఒక వరుస అట్లాగే తుంచి మాటలు పడ్డాను. దీనికి తలే పంట. మన తెలివి ఇక్కడ అన్నిసార్లూ పనికిరాదు అన్నా, నేను దానికి పెద్ద సాక్ష్యం.

నా మాట నమ్మకపోతే ఉత్తరంతో పాటు గిడ్డయ్య మామ ఒక తీగ ఇస్తాడు, చూడు. కరెంటు బిల్లులు గుచ్చుకునే తీగ లాంటిది. మీ బావ మాత్రల పట్టీ అయిపోగానే ఖాళీది పారేయకుండా ఆ తీగకు గుచ్చి గదిలో మేకుకు తగిలించేవాడు. ఎందుకంటే, "నేను మరిచిపోలేదని నువ్వు నమ్మల్ల కదా," అని నవ్వేవాడు. పొద్దున తోటకు పోయినప్పుడు తెచ్చాను. ఊరు విడిచిన నాటి నుంచి ఉన్నవన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కో పట్టీ వేలితో తడిమి చూడు, ఎక్కడైనా ఒక్క మాత్ర మిగిలి ఉంటే నువ్వు రావద్దు. అన్నిటికన్నా పైన ఉన్న పట్టీ నేను గుచ్చాను. అందులో ఒక్కటి ఉంటుంది. అది సోమవారం సాయంత్రం ఆరు గంటలది, చెంబు పక్కన దొరికింది. దాన్ని మాత్రం ఆయన లెక్కలో వేయవద్దు.

వదినకు నేను అడిగానని చెప్పు. పాపను బాగా చదువుకోమను. పెద్దమ్మ కాళ్ళకు నా దండాలు. నన్ను దీవించమని అడిగే ముఖం నాకు లేదు, ఆ దీవెన ఏదో మీ బావకు పంపండి, ఆయన ఇంతవరకూ ఎవరి దగ్గరా ఏదీ అడగలేదు. వదిన దారికి ఏదైనా కట్టి ఇస్తే తీసుకురా, రొట్టెలూ ఊరిబిండీ ఏదైనా సరే. ఆకు ఏదీ వద్దు.

కోడుమూరు మొదటి బస్సు వచ్చే వేళకు రేపు ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉంటాను. నువ్వు దిగకపోతే ఎల్లుండి కూడా అక్కడే నిలబడతాను.

నీ చెల్లెలు
ఉలిగెమ్మ